ఇంగ్లీషువాడి వాతపిత్తకఫాలు

మనిషి స్వభావం చెప్పాలంటే ఇంగ్లీషువాడు మనసు దాకా పోడు, కాలేయం దగ్గరే ఆగిపోతాడు. మా చుట్టాల పిల్లల పెళ్ళి బయోడేటాలకు ఇంగ్లీషు దిద్దే ఉచిత సేవ నా నెత్తిన ఉంది కాబట్టి ఈ సంగతి కాస్త తవ్వాను.

‘అబ్బాయిది మంచి టెంపరమెంట్’ అని రాసుకొచ్చారొక బాబాయి. లాటిన్ మూలం చూస్తే పాళ్ళు కుదిరేలా కలపడమట. ఏం కలపాలి? నెత్తురు, కఫం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. హిపోక్రటీసు శిష్యపరంపర, ఆ తర్వాత గేలెను, ఒంట్లో ఈ నాలుగూ సమంగా ఉండాలన్నారు. నెత్తురు ఎక్కువైతే శాంగ్విన్, ఎప్పుడూ హుషారే. కఫం ఎక్కువైతే ఫ్లెగ్మాటిక్, ఇల్లు కాలుతున్నా కదలడు. పసుపు పిత్తం పొంగితే కోలెరిక్, ముక్కు మీద కోపం. మెలంకలీ అంటే అచ్చంగా నల్ల పిత్తమే. తీరా చూస్తే ఈ నల్ల పిత్తమనేది మనిషి ఒంట్లో లేనే లేదు. లేని ద్రవం తెచ్చిపెట్టే దిగులు మీద రాబర్ట్ బర్టన్ 1621లో లావుపాటి గ్రంథం వేసి, చాలలేదని తర్వాతి కూర్పుల్లో ఇంకా పెంచాడు.

మనం నవ్వడానికేం లేదు. ‘మీవాడికి కాస్త పైత్యం ఎక్కువ’ అంటే బాబాయి కర్ర పుచ్చుకుంటారు. అదే ముక్క ‘కోలెరిక్’ అని చెబితే, స్పెల్లింగ్ అడిగి బయోడేటాలో వేయిస్తారు.

ఈ ద్రవాల ఉమ్మడి పేరే హ్యూమర్. లాటిన్‌లో తడి అని. ఏదో ఒక తడి మితిమీరినవాడు తిక్క మనిషి, తిక్క మనిషిని చూస్తే పక్కవాడికి నవ్వు. అలాంటి బాపతునంతా బెన్ జాన్సన్ 1598లో ‘ఎవ్రీ మేన్ ఇన్ హిజ్ హ్యూమర్’ అనే నాటకంలో రంగమెక్కించాడు. షేక్‌స్పియర్ కూడా అందులో వేషం కట్టాడు. అలా అలా ఒంట్లో తడి కాస్తా హాస్యమైపోయింది. నా వ్యాసాలు పొడిపొడిగా ఉంటున్నాయన్న సంపాదకుడు, పాపం, వైద్యపరంగా సరిగ్గానే మాట్లాడాడన్నమాట.

‘నైస్’ మూలం తెలివితక్కువ అని తెలిశాక బయోడేటాల్లోంచి ఆ మాట నేనే కొట్టేశాను. టాలెంట్ కథ వేరు, అది తూకం. ఏథెన్సులో ఒక టాలెంట్ అంటే సుమారు 26 కిలోల వెండి. బైబిల్లో యజమాని సేవకులకు టాలెంట్లు అప్పగించిన కథ పుణ్యమా అని ఆ వెండి ప్రతిభగా మారింది. అయినా ‘వధువు టాలెంటెడ్’ అంటే కొందరు మగపెళ్ళివారు ఇప్పటికీ పాత అర్థమే తీసుకుంటారు.

ఇక జీనియస్. రోమన్లకు అది మనిషి కాదు, పుట్టుకతో వెంట వచ్చే కాపలా దేవత. ప్రతి మగవాడికీ ఒకటి. ఆడవాళ్ళకైతే జూనో. పుట్టినరోజున దానికి ధూపం వేసి ద్రాక్షసారా నైవేద్యం పెట్టేవారు. పుట్టినవాడికల్లా ఒక జీనియస్ ఊరికే వచ్చేది కాబట్టి రోములో కోచింగ్ సెంటర్లు పెట్టే పని పడలేదు.