ఇంతకీ మీరు సీమోళ్లా, కోస్తా వాళ్లా?

"మీదేవూరు?" అని అడిగినవాళ్లు జవాబు పూర్తిగా వినరు. ఊరి పేరు సగంలో ఉండగానే మన గుణగణాల జాబితా వాళ్ల దగ్గర తయారైపోతుంది. గోదావరి అంటే వెటకారం, గుంటూరు అంటే కారం, నెల్లూరు అంటే తెలివి (అది మెప్పో దెప్పో అన్నవాళ్ల మొహం చూసి తెలుసుకోవాలి), సీమ అంటే పౌరుషం. ఈ పంపకంలో అందరికీ ఏదో ఒకటి దక్కింది. మాది త్రిపురాంతకం అన్నప్పుడే అవతలాయనకు చిక్కొచ్చి పడుతుంది. "అది సీమ కిందికొస్తుందా, కోస్తా కిందికొస్తుందా?" అంటాడు. ఊరు ఎక్కడుందో తెలుసుకుందామని కాదు. మనకు పౌరుషం రాయాలో, ఇంకేదైనా రాయాలో తేలక.

పోనీ, ఆయనకు సాయం చేద్దాం. మా ఊరున్న కంభం, మార్కాపురం ప్రాంతాలు 1800లో నిజాం కుంపిణీకి అప్పజెప్పిన దత్తమండలాల్లోవి. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు ఆ మండలాలకు రాయలసీమ అని పేరు పెట్టేనాటికి మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉంది. అంటే సీమే. 1970 ఫిబ్రవరి 2న కర్నూలు, నెల్లూరు, గుంటూరు జిల్లాల నుంచి తలా కొంత తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. అలా ఫిబ్రవరి 1 రాత్రి సీమోళ్లుగా పడుకున్నవాళ్లు తెల్లారి కోస్తా వాళ్లుగా లేచారు. సముద్రం ఇటు రాలేదు, నల్లమల అటు జరగలేదు. ఇక్కడి నుంచి తప్పకుండా సముద్రం దాకా వెళ్లేది గుండ్లకమ్మ ఒక్కటే, అదీ నీళ్లున్న ఏడు. ఇది చాలదన్నట్టు, చదువుల్లో స్థానికత తేల్చే 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు సముద్రమున్న నెల్లూరును సీమ జిల్లాలతో పాటు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిధిలో వేసి, కొండ పక్కనున్న మార్కాపురాన్ని ప్రకాశం జిల్లాతో కలిపి ఆంధ్రా విశ్వవిద్యాలయం పరిధిలో వేశాయి. త్రిపురాంతకం శ్రీశైలానికి తూర్పు ద్వారం, ఒంగోలుకు పడమటి మూల. శివుడు ఒక దిక్కు చెబితే కలెక్టరాఫీసు ఇంకో దిక్కు చెప్పేది. పౌరుషం ఈ ఫైళ్లలో ఎక్కడ తప్పిపోయిందో నాకు తెలియదు.

అలాగని మనుషుల్ని గుంపులుగా చూడ్డమే పాపమంటే ఒక్క పనీ జరగదు. మనవాళ్లు దీనికి ఎప్పుడూ ఒక ఉపమానం చెబుతారు: అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలట. కాదనను. అయితే ఆ పరీక్షకు కొన్ని షరతులున్నాయి. అవి వండేవాళ్లకు తెలుసు, సామెత చెప్పేవాళ్లకు తెలియవు. బియ్యం ఒకే బస్తాలోవి అయ్యుండాలి. పాతబియ్యంలో కొత్తబియ్యం కలిశాయంటే పాతవి ఉడికేలోపు కొత్తవి ముద్దవుతాయి. ఎసరు కుదరాలి, మంట అడుగంతా తగలాలి. పెళ్లి గుండిగలో పైన పలుకు, కింద మాడు, అన్నమనేది మధ్యలో ఎక్కడో ఉంటుంది. పై మెతుకు పట్టుకుని "ఇంకా ఉడకాలి" అని వంటాయన ఆగాడా, బంతిలో వడ్డించేది బొగ్గే. అందుకే తెలిసినాయన గరిటె అడుగుదాకా దించి నాలుగు చోట్ల తీసి చూస్తాడు. కుక్కర్లొచ్చాక మెతుకు పట్టే పనే పోయి విజిళ్లు లెక్కపెడుతున్నాం, అది ఇంకో రకం మూఢనమ్మకం. అన్నిటికంటే ముఖ్యం, మెతుకు ఉడుకు సంగతే చెబుతుంది. రాయి సంగతి చెప్పదు, అది పంటికింద పడాల్సిందే. ఇక ఇక్కడ ఆగకపోతే కూరల్లోకి వెళ్లిపోతాను. నేననేది ఒక్కటే: చెంచు గూడేలు, లంబాడీ తండాలు, మెట్ట రైతులు, పలకల పనివాళ్లు, హైదరాబాదుకు వలసపోయి పండక్కి వచ్చేవాళ్లు ఉన్న ఈ చోటికి ఒకే బస్తా లెక్క కుదరదు. 1999లో సమరసింహారెడ్డి వచ్చాక ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు గాల్లోకి లేవడం చూసినవాళ్లు పట్టుకున్నది మెతుకు కూడా కాదు, మెతుకు బొమ్మ.

"ఒక్కొక్కరినీ విడిగా తెలుసుకునే తీరిక ఎవరికుంది? ఇల్లు అద్దెకిచ్చేవాడు ఏదో ఒకటి ఊహించుకోవాలిగా" అంటారు. సబబే. కానీ ఆ ఊహ తప్పయితే నష్టం ఊహించినాయనకు కాదు, గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగినాయనకు. అంచనా ఒకరిది, జరిమానా ఇంకొకరిది. అందుకే ఈ అలవాటు మానడం ఎవరికీ అవసరంగా తోచదు. ఇదే అంచనా ప్రభుత్వం వేసినప్పుడు సంగతి ఇంకా పెద్దది. 2014 విభజన చట్టంలో వెనకబడిన ప్రాంతాలంటే రాయలసీమ, ఉత్తర కోస్తా అని రాశారు. ఆ లెక్కన ఏడు జిల్లాలకు ఏడాదికి యాభై కోట్ల చొప్పున ప్యాకేజీ అన్నారు. అందులో ప్రకాశం లేదు. కోస్తా అంటే డెల్టా, డెల్టా అంటే పచ్చన, పచ్చగా ఉన్నవాళ్లకు ప్యాకేజీ ఎందుకు? పెళ్లి సంబంధాల దగ్గర సీమోళ్లం, బడ్జెట్ దగ్గర కోస్తా వాళ్లం. రెండు చోట్లా నష్టపోయే ఏర్పాటు ఎవరు చేశారోగానీ బహు తెలివిగా చేశారు.

అదే గుంపు లెక్క మేలు చేసే తీరూ ఉంది. అప్పటి ప్రకాశం జిల్లా పడమటి మండలాలు కరువు ప్రాంతమన్న మాటా గంపగుత్త మాటే, ఆ మాట మీదే 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఇక్కడి బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని దేశ ప్రమాణం. కాబట్టి ఊరి పేరు వినగానే డాక్టరు నోరు తెరవమని పళ్ల మీద గోధుమరంగు చారలు వెతికితే, కీళ్లు పట్టేస్తున్నాయా అని అడిగితే, అదీ ఊరును బట్టి మనిషిని అంచనా వేయడమే. తేడా ఏమిటంటే ఆయన నోరు తెరిపించి చూస్తాడు. చారలు లేకపోతే తన అంచనాను అక్కడే వదిలేస్తాడు. ఆ చారల్నే ఇంకొకాయన చూసి "ఆ వైపోళ్లు పళ్లు సరిగ్గా తోముకోరు" అంటాడు. చిన్నప్పుడు పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీళ్ల వల్ల పింగాణీలోకి ఎక్కిన మరక అది. ఏ బ్రష్షుకూ పోదు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పిల్లకు ఇది ఎవరు చెబుతారు? నీళ్లిచ్చిన మరకను పెంపకం మీద రాసేశారు.

ఇందులో మనం మాత్రం ఏం తక్కువ తిన్నాం? "అయ్యో, మేం సీమోళ్లం కాదండీ" అని ఊపిరి పీల్చుకుని చెప్పేటప్పుడు, 1970 దాకా ఒకే జిల్లాగా బతికిన కర్నూలు వాళ్ల మీద ఏ ముద్ర వదిలేసి వస్తున్నామో ఆలోచించం. చెంచుల మాట వస్తే "వాళ్లింతే" అనడానికి మనకు డాక్టరూ అక్కర్లేదు, ల్యాబూ అక్కర్లేదు.

2025 ఆఖర్లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా ప్రకటించారు. ఈ జిల్లా వాళ్లకు ఇంకా ఏ గుణమూ కేటాయించినట్టు లేదు. కేటాయించే పెద్దలకు ఒక మనవి: తొందరేం లేదు, ముందు ఇక్కడి బోరు నీళ్లు ఓ గ్లాసు తాగి, ఆ తర్వాత రాయండి.