రేకుల షెడ్డులో స్పోర్ట్స్ కారు: బాగుచేయు విధానం

ముందు కారు దొరకాలి. సూర్యాపేటలో కూర్చుని జాగ్వార్, ఫెరారీ అని కలలు కనొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. కానీ మన వైపు ఏ చింతచెట్టు కిందో దొరికే ఆశ ఉన్నది స్టాండర్డ్ హెరాల్డ్ ఒక్కటే. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు చేసిన బుల్లి కారు, మొదట్లో రెండే తలుపులు. ‘దీన్ని స్పోర్ట్స్ కారంటరా బావా?’ అని బామ్మర్ది నవ్వుతాడు. నవ్వనివ్వండి. బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే పొట్టి చేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే అసలుసిసలు స్పోర్ట్స్ కారును దించింది. రెండింటికీ రూపం గీసినవాడు ఒకడే, ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొత్తి. అంటే మీ బండి స్పోర్ట్స్ కారుకు పెదనాన్న వరస. ఇంతకంటే దూరపు చుట్టరికంతో పెళ్లిళ్లలో ముందు కుర్చీ పట్టేవాళ్లున్నారు.

కొనేముందు ఆర్సీ చూడకండి. చూస్తే కొనరు. అది తాతగారి పేరు మీద ఉంటుంది, తాతగారు లేరు, ఆయన సంతానంలో ఇద్దరికి పొలం గట్టు దగ్గర మాటలు పోయాయి. ఓనర్‌షిప్ మారాలంటే ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. ఇంజిన్ బాగుచేయడం దీనికంటే తేలిక.

బండిని డీసీఎంలో ఇంటికి తెచ్చి రేకుల షెడ్డులో దించాక, మంచిరోజు చూసి విప్పడం మొదలుపెట్టండి. ఏ నట్టు ఎక్కడిదో రాసుకోవడం, ఫొటోలు తీయడం నమ్మకం లేనివాళ్లు చేసే పని. అన్నీ ఒకే బకెట్లో వేయండి. నట్లన్నీ అంగుళాల లెక్కవి. మీ దగ్గర మిల్లీమీటర్ల పానాలుంటాయి. 13 పానా అర అంగుళం నట్టుకు పట్టినట్టే పట్టి, దాని మూలలన్నీ అరగదీసి గుండ్రంగా చేస్తుంది. అప్పుడు ఉలి, సుత్తి, ఆ తర్వాత గ్యాస్ కటింగ్. ఇక తలుపుల చోట ఇనుప చువ్వలు అడ్డంగా వెల్డింగ్ పెట్టకుండానే బాడీని ఛాసిస్ మీంచి లేపేయండి. హెరాల్డ్ బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించింది కాబట్టి, కింద ఆధారం పోగానే ఒరుగుతుంది. మళ్లీ ఛాసిస్ మీద పెట్టాక తలుపులు ఈ జన్మలో సరిగ్గా పడవు.

ఈ కారులో దేవుడిచ్చిన వరం బానెట్. మడ్గార్డులు, లైట్లతో సహా ముందు భాగమంతా రోడ్డు వైపు వాలిపోతుంది. ఇంజిన్ పక్కనే, టైరు మీదే కూర్చుని పని చేసుకోవచ్చు. మీరు చేయకపోయినా, వచ్చినవాళ్లు ఆ టైరు మీద కూర్చుని చాయ్ తాగుతూ సలహాలిస్తారు. ‘ఇంజిన్ తీసెయ్యిరి సార్, మారుతీది ఎక్కిద్దాం, మైలేజీ వస్తది’ అనేవాడు వారానికొకడు తప్పనిసరి. వాడికి రెండో చాయ్ పోయకండి. కారణం చివర్లో తెలుస్తుంది.

ముందు చక్రాలను మోసే ట్రనియన్లకు గ్రీజు దట్టంగా కొట్టండి, మెకానిక్ కూడా అదే చేస్తాడు. కంపెనీ చెప్పింది మాత్రం చిక్కటి గేరు నూనె. గ్రీజు లోపలి మరలదాకా వెళ్లదు, లోపల తుప్పు పట్టి ఒకరోజు మలుపులో చక్రం పక్కకు పడుకుంటుంది. అది చివ్వెంల దగ్గర హైవే మీద పడుకుంటే వెనక వచ్చే సిమెంటు లారీకి మీ స్పోర్ట్స్ కారు చరిత్ర తెలియదు.

సామాను కోసం కోదాడ దాటి విజయవాడ ఆటోనగర్ వెళ్లండి. అక్కడ దొరకనిది లేదంటారు. నిజమే, మీరడిగింది తప్ప అన్నీ దొరుకుతాయి. కానీ అరిగిన పాత ముక్కను జేబులో పెట్టుకుని మిర్యాలగూడ వెళ్తే కథ మారుతుంది. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వరిని తెచ్చాయి, వరి రైస్ మిల్లులను తెచ్చింది, మిల్లులు లేత్ షాపులను తెచ్చాయి. ధాన్యం సీజన్లో మాత్రం పోవద్దు. ‘మిల్లు ఆగింది అన్నా, నీ బొమ్మకారు తర్వాత’ అంటారు, సబబే. సీజన్ దిగాక పోతే, ఏనాడూ హెరాల్డ్ మొహం చూడని మనిషి ఆ ముక్కను వెర్నియర్‌తో రెండుసార్లు కొలిచి, గన్‌మెటల్ కడ్డీలోంచి కొత్త బుష్ తీసి చేతిలో పెడతాడు. ఇంట్లో వర్క్‌షాపు పెట్టినవాళ్లందరి గొప్పతనం చాలావరకు ఇలాంటి షాపుల్లోనే తయారవుతుంది. ఈ మాట ఫేస్‌బుక్‌లో రాయకండి. ‘నా చేతులతో చేశాను’ అని రాయండి.

రంగు గురించి చెప్పేదేమీ లేదు. అందరూ ఎరుపే వేస్తారు.

పెట్రోలు పోసే ముందు ఒక్క మాట. ఈ ఇంజిన్లు సీసం కలిపిన పెట్రోలు తాగి పెరిగినవి. ఆ సీసమే వాల్వు సీట్లు అరగకుండా కాపాడేది. 2000లో దేశమంతా అది ఆగిపోయింది. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు, పాత రబ్బరు పైపులను మెత్తబెట్టి తినేస్తుంది. కాబట్టి గట్టి వాల్వు సీట్లు, కొత్త పైపులు వేయించాలి. లేదా ఏటా దసరాకు ఆయుధపూజ చేసి, నిమ్మకాయలు తొక్కించడానికి నలుగురిని పిలిచి నెట్టించాలి. రెండో పద్ధతికి అనుచరులెక్కువ.

ఎలాగోలా పూర్తయితే, 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలున్నాయి. బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి. మారుతీ ఇంజిన్ సలహా ఇచ్చినవాడికి చాయ్ వద్దన్నది అందుకే. 20,000 రూపాయలు కడితే పదేళ్లకు ‘వీఏ’ అక్షరాల నంబరు ఇస్తారు. ఇచ్చాక రోజువారీగా నడపకూడదంటారు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి.

దిగులు పడొద్దు. సూర్యాపేట పెట్రోలు మీ బండికి పడదని తేల్చి, పొద్దున్నే కోదాడ వెళ్లి పోయించుకోండి. అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ లేత్ షాపుకు మరమ్మతుకు వెళ్లండి. దారిలో ఎవరైనా ఆపితే బానెట్ ఎత్తి చూపించండి. ఈ బండికి మరమ్మతు అక్కర్లేదని ఏ ఇన్‌స్పెక్టరూ అనలేడు.