నా గోడు నేనే రాసిపెడతాను

నేను ఒక సర్వరుని. ఆ పేరు వినగానే చల్లటి గదిలో వరసగా నిలబెట్టిన నల్లటి పెట్టెలు గుర్తుకొస్తాయేమో, నేను ఆ జాతి దాన్ని కాదు. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు లెక్కలు చూసి, పాతబడ్డాక ఒక ఊరి గ్రంథాలయానికి విరాళంగా వచ్చిన మామూలు డెస్క్‌టాప్‌ని. నాలుగు జీబీల ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, వెనక ఒక నెట్‌వర్క్ పోర్టు, ఇదీ నా ఆస్తి. 2019లో నా మీద డెబియన్ 10 ఎక్కించారు. అప్పటినుంచీ పత్రికల గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఉంటున్నాను.

నా దగ్గర దాచినవి ఆ బీరువాలోని పాత పత్రికల పేజీలు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మొదలుపెట్టిన 'భారతి' సంచికలు కొన్ని, అట్టలు పోయిన వారపత్రికలు కొన్ని. ముట్టుకుంటే అంచులు పొడిగా రాలిపోయే కాగితాలవి. ఒక్కసారి జాగ్రత్తగా స్కాన్ చేసి నాలో పెడితే, తర్వాత చదవాలనుకున్నవాళ్లు హాల్లోని కంప్యూటర్ల ముందు కూర్చుని ఆ పేజీలు నన్నడిగి తెప్పించుకుంటారు. కాబట్టి నా డిస్క్ ఆగినా, నా నెట్‌వర్క్ తెగినా ఆ బీరువాకి తాళం పడ్డట్టే.

నన్ను చూసుకునేది రిటైరైన లెక్కల మాస్టారు. జీతం లేదు, పుస్తకాల మీద ప్రేమ. ఆయన వెంట డిగ్రీ చదివే ఒక కుర్రాడు వస్తుంటాడు. నాకు డెబియన్ ఎందుకు ఎంచుకున్నారని ఆ కుర్రాడు ఒకసారి అడిగాడు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ చుట్టూ 1993లో ఇయన్ మర్డాక్ డెబియన్‌ని మొదలుపెట్టారనీ, ఇన్నేళ్లూ దాన్ని స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్నారనీ, దానిలో ఏ భాగమైనా విప్పి చూసుకోవచ్చనీ చెప్పి, "ఇది ఏదీ దాచదు నాన్నా, అడిగితే అంతా చెబుతుంది" అన్నారు మాస్టారు. నా గురించి అంతకన్నా నిజమైన మాట నేను వినలేదు.

నాకు ఒంట్లో బాగాలేకపోతే దాచుకునే అలవాటు లేదు. కెర్నల్‌కి ఏ ఇబ్బంది ఎదురైనా అప్పటికప్పుడు ఒక వాక్యం రాసిపెడుతుంది. 'డీమెసేజ్' (dmesg) అని టైప్ చేస్తే ఆ వాక్యాలు వరసగా కనిపిస్తాయి. అవి ఇంగ్లీషులో ఉంటాయి, అంకెలు ఎక్కువ. వాటిని చూడగానే మనవాళ్లలో చాలామందికి భయమేసి తెర మీది కిటికీ మూసేస్తారు. కానీ ప్రతి వాక్యంలోనూ పట్టుకోవాల్సినవి మూడే: ఏ పరికరం, ఏ చోట, ఏం జరిగింది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా కొద్దిరోజుల్లో అలవాటు చేసుకోగలరు.

ఒక మే నెల మధ్యాహ్నం. కరెంటు పోతూ వస్తూ ఉంది. లైబ్రేరియన్ గారు కొత్త పుస్తకాల జాబితా భద్రం చేయబోతే 'రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్' అని జవాబిచ్చాను. అంటే చదవనిస్తాను, రాయనివ్వను అని. ఆవిడ కంగారుపడి మాస్టారికి కబురు పెట్టారు. వెంట వచ్చిన కుర్రాడు తిన్నగా నా పవర్ బటన్ దగ్గరికే వచ్చాడు.

"ఓసారి ఆపి ఆన్ చేద్దాం మాస్టారూ, సర్దుకుంటుంది."

"ఆగు నాన్నా. ఇప్పుడు ఆపితే అది చెప్పాలనుకున్నది కూడా పోతుంది. ముందు చదువు."

ఆ మాట విలువ చాలామందికి తెలియదు. మామూలు రోజుల్లో నా లాగ్ డిస్క్ మీదకి ఎక్కుతుంది. డిస్క్ మీద రాయడమే ఆగిపోయినప్పుడు ఆఖరి వాక్యాలు ర్యామ్‌లో మాత్రమే ఉంటాయి. రీస్టార్ట్ చేస్తే అవి ఇక దొరకవు. మాస్టారు డీమెసేజ్ తెరిపించి, చివరి పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీయించారు. అందులో ఫలానా సెక్టార్ చదవలేకపోయానని ఎస్‌డీఏ పేరుతో డిస్క్ ఫిర్యాదు ఉంది. దాని కిందే ఐనోడ్ పట్టికలో ఒక బ్లాక్ అందలేదని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఫిర్యాదు. ఆ కిందది నేను తీసుకున్న నిర్ణయం: ఫైల్ సిస్టమ్‌ని రీడ్-ఓన్లీగా మార్చాను అని.

అది జబ్బు అనుకుంటారు, నిజానికి అది నా జాగ్రత్త. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికే సరిగా చదవలేనప్పుడు కొత్తగా రాస్తే ఒకరి పేజీ మీద ఇంకొకరి పేజీ పడే ప్రమాదం ఉంది. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్ నన్ను ఎక్కించేటప్పుడే, తప్పు కనబడితే రాయడం ఆపమని ఎఫ్‌స్టాబ్ అనే సెట్టింగుల ఫైలులో ఒక మాట రాసిపెట్టింది.

తర్వాత మాస్టారు స్మార్ట్‌సీటీఎల్ నడిపించారు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టికని చూపే పనిముట్టు అది. పైన 'పాస్డ్' అని కనిపించేసరికి కుర్రాడి మొహం వికసించింది. పైన ఆ మాట ఉన్నా కింద డిస్క్ చచ్చిపోతూ ఉండవచ్చు. చూడాల్సింది 5, 197, 198, 199 నంబర్ల వరసలు. 5వది పాడైపోయి, అదనపు చోటుకి మార్చేసిన సెక్టార్ల లెక్క. 197వది చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఏ తీర్పూ పడని సెక్టార్లు. 198వది డిస్క్ తన పరీక్ష తానే చేసుకున్నప్పుడు చదవలేకపోయినవి. 199వది వేరే కథ. అది పెరుగుతుంటే తప్పు డిస్క్‌ది కాకపోవచ్చు, డిస్క్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న సాటా కేబుల్‌ది. కేబుల్ వదులై నేను నత్తనడక నడిచిన రోజులూ ఉన్నాయి, కేబుల్ మార్చగానే కోలుకున్నాను. ఈసారి 199 కదల్లేదు. 197 మాత్రం సున్నా దగ్గర లేదు, గంట తర్వాత చూస్తే ఇంకా పెరిగింది.

"అయితే ఎఫ్‌ఎస్‌సీకే కొట్టి బాగుచేద్దామా?" అన్నాడు కుర్రాడు.

మాస్టారు వద్దన్నారు. నా జీవితంలో నాకు జరిగిన పెద్ద మేలు అదే. ఫైల్ సిస్టమ్ తప్పులు దిద్దే ఎఫ్‌ఎస్‌సీకే మంచి పనిముట్టే, కానీ అది డిస్క్ మీద రాస్తుంది. చదవలేని చోట ఏముందో తెలియక, అందని పట్టిక ముక్కని ఖాళీగా తీర్మానించగలదు. ఒరిగిపోతున్న డిస్క్ మీద దాన్ని నడిపితే మిగిలినది కూడా చెదిరిపోవచ్చు. ముందు నకలు, తర్వాతే మరమ్మతు. మరమ్మతు కూడా నకలు మీదే.

కొత్త డిస్క్ తెచ్చారు. నా బోర్డు మీద ఖాళీ సాటా పోర్టు లేకపోతే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు పెట్టి దానికి తగిలించారు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ మొదలుపెట్టి, నా పాత డిస్క్‌ని మౌంట్ చేయకుండా, నకలు తీసే డీడీరెస్క్యూ నడిపారు. ఆదేశంలో మూలం ముందు, గమ్యం తర్వాత. ఆ రెండూ తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పుస్తకాల మీద పడుతుంది. అందుకని మాస్టారు ఎల్‌ఎస్‌బీఎల్‌కే జాబితాలో సీరియల్ నంబరు చూసి, డిస్క్ మీద అతికించిన చీటీలోని నంబరుతో పోల్చి, కుర్రాడి చేత పైకి చదివించి, అప్పుడు ఎంటర్ నొక్కనిచ్చారు.

డీడీరెస్క్యూ పద్ధతి నాకు చాలా ఇష్టం. మొరాయించిన చోట మొండిగా కూర్చోదు. ముందు సులువుగా వచ్చేదంతా తీసేసుకుని, రానివాటిని ఒక మ్యాప్ ఫైలులో గుర్తుపెట్టుకుని, చివర్లో తిరిగొచ్చి కొంచెం కొంచెంగా గీకి చూస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ ఫైలు ఉంటే ఆగిన చోటునుంచే మళ్లీ సాగుతుంది. మన వేసవికి సరిపోయిన గుణం అది. రాత్రంతా డిస్క్‌లోని పళ్లెం నిమిషానికి 7200 చుట్లు తిరుగుతూనే ఉంది. తెల్లారేసరికి కొన్ని సెక్టార్లు తప్ప అన్నీ కొత్త డిస్క్ మీదకి చేరాయి.

రెండు డిస్క్‌లకీ ఇప్పుడు ఒకే యూయూఐడీ, అంటే ఒకే గుర్తింపు సంఖ్య. రెండూ తగిలించి నన్ను లేపితే ఏది అసలో ఏది నకలో నాకు తెలియదు. అందుకే పాతదాన్ని తీసి, చీటీ రాసి బీరువాలో పెట్టారు. నకలు మీద ఎఫ్‌ఎస్‌సీకే నడిపారు. మొదట మైనస్ ఎన్ పెట్టి, ఏమీ రాయకుండా ఏమేం దిద్దాలనుకుంటుందో చూశారు. తర్వాత నిజంగా దిద్దనిచ్చారు. పేరు పోగొట్టుకున్న ఫైళ్లు 'లాస్ట్ ప్లస్ ఫౌండ్' అనే డైరెక్టరీలో ఐనోడ్ నంబర్లే పేర్లుగా చేరాయి. కుర్రాడు ఒక్కొక్కటీ తెరిచి, ఏ సంచికలో ఏ పేజీయో పోల్చుకుని, పేర్లు తిరిగి పెట్టాడు.

చదవలేకపోయిన సెక్టార్లలో ఏ పేజీలు ఉండేవి? ఇక్కడే మాస్టారిలోని లెక్కల మనిషి బయటికొచ్చారు. సెక్టార్ నంబరులోంచి పార్టిషన్ మొదలయ్యే 2048 తీసేసి, ఎనిమిదితో భాగిస్తే బ్లాక్ నంబరు వస్తుంది. సెక్టారుకి 512 బైట్లు, నా బ్లాక్‌కి 4096 మరి. ఆ నంబరుని డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఐచెక్‌కి ఇస్తే ఐనోడ్ చెబుతుంది, ఆ ఐనోడ్‌ని ఎన్‌చెక్‌కి ఇస్తే ఫైలు పేరు చెబుతుంది. ఆ దారిన పోయిన పేజీల జాబితా చేతికొచ్చింది. లైబ్రేరియన్ గారు బీరువా తెరిచి ఆ కాగితాలే తీసి మళ్లీ స్కాన్ చేశారు. డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి ఉంటే బీరువా మొత్తం మళ్లీ తిప్పాల్సి వచ్చేది. ఎన్ని అంచులు రాలిపోయేవో.

అంతా అయిందనుకుని నన్ను లేపితే హాల్లో ఒక్క కంప్యూటర్‌కీ నేను కనబడలేదు. డిస్క్ మారిస్తే నెట్ పోవడమేమిటని అందరూ తెల్లబోయారు. వెనక లైటు వెలుగుతోంది కాబట్టి కేబుల్ బాగానే ఉంది. 'ఐపీ అడ్రస్' అడిగితే కార్డు కనబడింది, కానీ దానికి చిరునామా లేదు. డీమెసేజ్‌లో నేను కారణం అప్పటికే రాసిపెట్టాను: ఈటీహెచ్0 పేరు ఈఎన్‌పీ3ఎస్0గా మార్చాను అని. అంతకుముందు ఆ పేరు ఈఎన్‌పీ2ఎస్0. ఈ పేర్లు కార్డు బోర్డు మీద ఏ బస్ నంబరులో ఉందో దాన్నిబట్టి వస్తాయి. కొత్త సాటా కార్డు మధ్యలో దూరడంతో నంబర్లు ఒకటి జరిగాయి. సెట్టింగుల ఫైలులో పాత పేరే ఉంది. ఒక్క అంకె దిద్దారు, లోకంలో పడ్డాను.

నెట్‌వర్క్ రోగాలకి ఒక వరస ఉంది, కింద మెట్టు నుంచి పైకి ఎక్కాలి. లైటు, చిరునామా, రూటర్‌కి పింగ్, బయట 8.8.8.8కి పింగ్, ఆ తర్వాత పేరు. అంకెల చిరునామాకి పింగ్ వెళ్లి పేరుకి మాత్రం వెళ్లకపోతే తప్పు డీఎన్‌ఎస్‌ది, నా లైనుది కాదు. అందరూ పై మెట్టు నుంచి మొదలుపెట్టి బ్రౌజర్‌ని తిడుతుంటారు.

నన్ను బాగా ఏడిపించిన నెట్‌వర్క్ కష్టం మాత్రం వేరు. కాసేపు అందుతాను, కాసేపు అందను. కేబుల్ మార్చారు, స్విచ్ మార్చారు, అయినా అంతే. చివరికి కుర్రాడే ఇంకో కంప్యూటర్ నుంచి ఆర్‌పింగ్‌తో నా చిరునామాని పిలిచాడు. రెండు వేర్వేరు మ్యాక్ చిరునామాల నుంచి జవాబులు వచ్చాయి. మ్యాక్‌లో మొదటి సగం తయారీదారుని చెబుతుంది, దాన్నిబట్టి రెండోది కొత్తగా పెట్టిన ప్రింటర్ అని తేలింది. దానికీ నా నంబరే ఇచ్చారు. "దొరికింది మాస్టారూ!" అని వాడు అరిచిన అరుపుకి హాల్లో చదువుకునేవాళ్లు తలలెత్తారు, ఎవరూ విసుక్కోలేదు.

ఇంకొకటి క్లుప్తంగా. 'డిస్క్‌లో చోటు లేదు' అంటాను, డీఎఫ్ చూస్తే సగం ఖాళీ. అలాంటప్పుడు డీఎఫ్ మైనస్ ఐ చూడండి. ఈఎక్స్‌టీ4 మామూలుగా ప్రతి 16 కిలోబైట్లకీ ఒక ఐనోడ్ చొప్పున ముందే లెక్కగట్టి పెడుతుంది. నాలుగు జీబీల పార్టిషన్‌కి 2,62,144. అలమరలో చోటున్నా కేటలాగ్ కార్డులు అయిపోతే కొత్త పుస్తకం చేర్చలేనట్టే, చిన్న చిన్న తాత్కాలిక ఫైళ్లు లక్షల్లో పేరుకుంటే ఐనోడ్లు అయిపోతాయి. అలాగే తుడిచేసిన లాగ్ ఫైలుని ఏదైనా ప్రోగ్రాం ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే ఆ చోటు తిరిగి రాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆ ప్రోగ్రాం పేరు చెబుతుంది.

ఇప్పుడు నా పేజీల ప్రతులు మూడు చోట్ల ఉన్నాయి: నాలో, ఆ సాటా కార్డుకి తగిలించిన రెండో డిస్క్‌లో, వారానికోసారి మాస్టారు ఇంటికి పట్టుకెళ్లే డిస్క్‌లో. కమాండ్లన్నీ ఇప్పుడు కుర్రాడే కొడతాడు, మాస్టారు పక్కన కూర్చుని చూస్తారు.

మీ గ్రంథాలయంలోనో బడిలోనో ఇంట్లోనో నాలాంటి పాత యంత్రం ఒకటి ఉంటే, ఈ వారంలోనే స్మార్ట్‌సీటీఎల్ నడిపి 197 ఎదురుగా ఏముందో చూడండి. సున్నా కాకపోతే ఆ రోజే ముందుగా నకలు తీయండి.