వెనిగరోపదేశమునకు 'గవాక్షశోధిని' వ్యాఖ్య

మూలము (లిఫ్టు పక్కన అంటించిన కాగితము): "ప్రకృతి ప్రేమికులారా! ఒక పాలు తెల్ల వెనిగరు, ఒక పాలు నీరు, చెంచాడు వంటసోడా కలిపి, పాత దినపత్రికతో కిటికీ అద్దములు తుడవబడవలెను. కెమికల్ లేదు, విషము లేదు, శ్రమ లేదు."

అవతారిక: మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకొనెడి మల్లినాథసూరి, మూలమున లేనిది వ్రాయనని ప్రతిన పట్టి కాళిదాసుకు టీకలు కట్టెను. ఆ ప్రతిన మాకు పొసగదు. ఈ మూలమున లేనిదే ఎక్కువ.

ప్రతిపదార్థము: సులభము. విడువబడినది.

వ్యాఖ్య: 'కెమికల్ లేదు' అనుట అతిశయోక్తి కాదు, అబద్ధము. వెనిగరనగా నూటికి నాలుగైదు పాళ్లు ఎసిటిక్ ఆమ్లము గల నీరు. బోరునీటి తుంపరలు ఎండి అద్దముపై నిలిచిన తెల్లమచ్చలలో ప్రధానముగా ఉండునది కాల్షియం కార్బొనేటు. దానిని కరిగించునది ఆ ఆమ్లమే. కిటికీ కింది పాలరాతి గట్టును తినునదియు అదే. గట్టు ఊసు మూలకారుడు ఎత్తలేదు.

సోడా చేరినంతనే మిశ్రమము బుస్సున పొంగును, చూచువారు పులకింతురు. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు, గాలిలో కలిసిపోవును. సోడా ఎంత పడిన పులుపు అంత చచ్చును. ఏ పులుపు కోసం వెనిగరు కొన్నామో దాన్నే చంపుకోవడం దేనికండీ?

వంటింటి కిటికీది వేరు కథ. పోపుజిడ్డు వెనిగరుకు లొంగదు, కుంకుడుకు లొంగును. కుంకుడుకాయను బండపై చితక్కొట్టి, గింజ తీసి, వేడినీట నానవేసి పిసికిన నురుగు వచ్చును. సాపోనిన్ల మహిమ. పట్టుచీరలకు అదే, బంగారు గొలుసులకు అదే, ఆదివారపు తలంటికి అదే. రసము కంట పడిన పిల్లవాడు ఇల్లు ఎగిరిపోవునట్లు అరచును, అమ్మమ్మ నోట ఉప్పుకల్లు వేయును. కంటిమంటకు నోట ఉప్పేమి అని శంక. అమ్మమ్మను ఎవరు అడుగగలరని సమాధానము. ఆ నురుగు వాసన, ఆపై సాంబ్రాణి పొగ, ఆపై పప్పుచారు...

ప్రకృతము అద్దము.

'తుడవబడవలెను': కర్మ అద్దము, కరణము దినపత్రిక. కర్త ఎవరు? మూడో అంతస్తులో గ్రిల్లు సందున మోచేతి దాకా చేయి దూర్చి, దోమతెర ఊడదీసి, స్లైడింగు పట్టాలో గట్టిపడిన మట్టిని పాత టూత్‌బ్రష్షుతో గీకేది పనికి వచ్చే ఆవిడ. జీతం పెంచమని ఆవిడ అడిగితే మీటింగులో పెడతామన్నారు, ఆ మీటింగు ఇంకా జరగలేదు. వెనిగరు డబ్బాలకు మాత్రం మెయింటెనెన్సు పద్దులో చోటు దొరికింది. గోటి పక్కన చీలిన చర్మానికి వెనిగరు తగిలితే ఎట్లా చురుక్కుమంటుందో ఈ కాగితం రాసిన పెద్దమనిషికి తెలియదు. 'శ్రమ లేదు' అని ఆయన రాసింది స్వానుభవమే.

పాఠభేదము: కాగితము అడుగున ఎవరో పెన్నుతో "బ్లీచింగు కూడా కలిపితే తళతళే" అని చేర్చినారు. ఇది ప్రక్షిప్తము. వెనిగరు, బ్లీచింగు కలిసిన క్లోరిన్ వాయువు పుట్టును, ఊపిరి ఆడదు. ఈ పాఠమును వ్యాఖ్యానింపక, కాగితముతో సహా చించివేసితిమి.