తొమ్మిదీ తొమ్మిదీ

స్కాట్లాండులో నెస్ సరస్సు చూడ్డానికి మా బావమరిది ఎడింబరాలో పొద్దున్నే బయల్దేరి నాలుగు గంటలు కారు తోల్తాడట. తీరా పోతే అక్కడ నీళ్లుంటాయి. ఆ నీళ్లలో పెద్ద జంతువేదో ఉందని 1933 నుంచి లోకమంతా చెప్పుకుంటోంది గానీ, ఇదిగో అని పట్టి చూపించినవాడు లేడు. దానికోసం అంత పెట్రోలు పోసే మనిషి, కార్తీక సోమవారం నవనందులు తిరుగుదాం రమ్మని వాళ్లమ్మ పిలిస్తే, "ఒక్క రోజులో తొమ్మిదా!" అని గుడ్లు తేలేశాడు.

మా నంద్యాలకు తొమ్మిదొక లెక్కా? 1991 ఉప ఎన్నికలో పీవీ నరసింహారావును అయిదు లక్షల పైచిలుకు మెజారిటీతో పంపించిన ఊరు. పైగా నందులన్నీ ఇరవై కిలోమీటర్ల లోపే సర్దుకుని కూర్చున్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది ఊళ్లోనే. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేలోపు అన్నీ చూస్తే పుణ్యమంటారు. మా అత్తమ్మ దృష్టిలో దర్శనమంటే హాజరు వేయించుకోవడమే. గుడి మెట్టు దిగగానే బొటనవేలు ఒక కణుపు ముందుకు జరిగేది. ఉపవాసం ఆమెది, ఆకలి మాది. ఉగ్గాణి, బజ్జీ దగ్గర ఆగుదామంటే "మొక్కు తీరనీ" అంది.

సూర్యనందికి పోయే దారిలో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి ఉంది. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు. స్కాట్లాండు కొండల్లోనూ ఒంటి దారులేనట. ఎదుటి బండికి దారి వదలడానికి అక్కడక్కడా జాగా ఉంటుందట, వదిలినవాడికి చెయ్యెత్తి థాంక్స్ చెప్పడం మర్యాదట. ట్రాక్టరాయన పక్కకు తీయగానే మావాడు అలవాటుగా చెయ్యెత్తాడు. ఆయన ట్రాక్టరు ఆపేసి దిగొచ్చాడు. "ఎవురప్పా? గుర్తు పట్టల్యా. ఎవురి పిల్లోడివి?" వాళ్ల తాత పేరు, మేనత్తను ఇచ్చిన ఊరు, పాసుపోర్టు ఆఫీసులో కూడా అడగని సంగతులన్నీ చెప్పించుకున్నాక గానీ మమ్మల్ని వదల్లేదు. వెనక బస్సు హారన్ కొడుతుంటే, "కొట్టనీలే, మాట్లాడుతుండాం గదా" అన్నాడు.

మహానంది కోనేట్లో నీళ్లు మాత్రం మావాడిని కట్టిపడేశాయి. నిలువెత్తు నీళ్ల అడుగున పడిన రూపాయి బిళ్ల మీద బొమ్మో బొరుసో ఒడ్డునుంచే చెప్పొచ్చు. "నీళ్లు యాడికీ పోవు, నువ్వు రా" అని తల్లి కేక. నిజానికి పోతాయి. ఆ ఊటే పొర్లి బయటి అరటితోటలకు పారుతుంది. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం అల్లుడికి ఎక్కడిది?

మధ్యాహ్నానికే తొమ్మిది కణుపులూ అయిపోయాయి. అదే కొంప ముంచింది. "ఇంకా పొద్దుంది గదా, అహోబిలం పోదాం. ఆడ గూడా తొమ్మిదే" అంది అత్తమ్మ.

దారిలో ఆళ్లగడ్డ. అక్కడ శిల్పుల షెడ్ల ముందు దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు, కొందరికి చేతులు రాలేదు, కొందరికి కళ్లు తెరవలేదు. ఒక కుర్రాడు మూతికి తువ్వాలు కట్టుకుని నంది మెడలో గంటలు చెక్కుతున్నాడు, కనురెప్పల మీద తెల్లటి రాతిపొడి. "ఇది పదో నంది" అన్నాడు బావమరిది. అత్తమ్మ ధర అడిగింది, కారు డిక్కీ వైపు చూసింది. శిల్పి బరువు చెప్పాడు. బండి కదిలింది.

అహోబిలం నరసింహులు నందుల్లాంటివాళ్లు కాదు. యోగానంద, ఛత్రవట, కారంజ స్వాములు, ఎగువన అహోబిల నరసింహుడు – ఈ నలుగురి దగ్గరికీ కారు పోతుంది. ఛత్రవట స్వామి హాహా హూహూ గంధర్వుల పాట వింటూ హాయిగా కూర్చుంటాడు. ఆయన ముందు మావాడు కూడా కాసేపు కూలబడ్డాడు. మిగిలిన అయిదుగురూ నల్లమలలో ఉన్నారు. ఎగువ గుడి ముందు ఒక జీపు డ్రైవరు లెక్క విడమర్చాడు. భార్గవ, పావన స్వాములకు జీపు. వరాహ, మాలోల, జ్వాల స్వాములకు కర్ర పట్టుకుని నడక. జ్వాల దాకా పోవాలంటే వాగు దాటి, రాళ్లెక్కి పోవాలి, ఈ పొద్దుకు అయ్యేది కాదు. కిరాయి చెప్పాడు. అత్తమ్మ ముఖం ఉగ్రస్తంభమైంది.

"నాయనా, ఆ అయిదుగురూ ఏ పక్కన ఉంటారు?"

డ్రైవరు ఒక్కొక్క దిక్కూ వేలితో చూపించాడు. ఆమె చూపించిన దిక్కుకల్లా తిరిగి దండం పెట్టుకుని, కణుపులు లెక్కేసుకుని, "అయిపాయె, పాండి" అంది.

డ్రైవరు కారు కిటికీ దాకా వచ్చాడు. "అవ్వా, సాములందరినీ నేనే చూపిస్తి గదా. సగం కిరాయన్నా ఇచ్చిపో."