భీమిలి పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
భీమిలికని లేచి బీచిరోడ్డెక్కిన
మండుటెండ దక్కె మనకు ముందు
ఎర్రమట్టి దిబ్బలేవని యడిగితే
బజ్జిబండి చూపె బావగారు

టీక: భీమిలికి + అని = భీమునిపట్నం వెళ్దామని; లేచి = లేపగా లేపగా లేచి; బీచిరోడ్డు + ఎక్కినన్ = విశాఖ నుంచి తీరం వెంబడి దారి పట్టగా; మండుటెండ = వివరణ అక్కర్లేదు; మనకు = బావగారికి తప్ప తక్కినవారికి; ముందు = సముద్రం చూడకముందే; దక్కెన్ = ప్రాప్తించెను; యడిగితే = పిల్లలు అడగగా; బావగారు = అక్క మొగుడు, పెట్రోలు ఖర్చు ఆయనదే గనుక ప్రశ్నింపరానివారు; బజ్జిబండి = పొట్ట చీల్చి, ఉల్లిముక్కలు కూరి, నిమ్మకాయ పిండిన మిరపకాయ బజ్జీలకు ఆశ్రయమైనది; చూపెన్ = కారు ఆపించి మరీ చూపెను.

తాత్పర్యం: ఈ దారి ఈశాన్యంగా సాగుతుంది. సముద్రం కుడిచేతి వైపు, పొద్దుటి ఎండా అటే. అందం కావాలంటే మాడాలి, నీడ కావాలంటే ఎడమవైపు కొండలు చూడాలి. బావగారు ఎడమవైపే కూర్చున్నారు. శేషం స్పష్టం.

విశేషం: 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ తీరాన్ని కవి స్మరించనే లేదు, కారు దిగలేదు గనుక. తొట్లకొండ మీది బౌద్ధారామ శిథిలాల దగ్గర “పైకెక్కాలా?” అన్న ప్రశ్న ఒకటి పుట్టి, అక్కడే అణగిపోయింది.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం వ్యాఖ్యాత ఆగక తప్పదు. అది మట్టి కాదు, ఇసుక. వేల ఏళ్ల కిందట సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి ఎత్తిపోసింది; రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబడింది; వానలు కోసి కోసి మనిషి మునిగే గండ్లు చేశాయి. చిటికెడు తీసి నలిపితే ఎరుపు వేళ్లకు అంటుతుంది, గరుకు మిగులుతుంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. ఇంతటిదానికి మనవాళ్లు కేటాయించింది ఒక సెల్ఫీ. అదీ బజ్జీలయ్యాక.

గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి, 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివారి సమాధులున్న ఊరు, పద్యం మొదటి మాటగా వచ్చి మళ్లీ కనబడదు. కవి అప్పటికి కునుకు తీస్తున్నాడని పెద్దల ఊహ.

అలంకారం: దిబ్బలడిగితే బండి చూపడం, రెండూ ఎర్రనివే గనుక, భ్రాంతిమదలంకారమని కొందరు. ఆ మతం నిలవదు. బావగారికి కలిగింది భ్రాంతి కాదు, ఆకలి. కనుక స్వభావోక్తి. చివరి పాదంలో బజ్జికీ బావగారికీ యతిమైత్రి కుదరడం కవి ప్రతిభ కాదు, వస్తుస్థితి.

పాఠాంతరం: “మురీబండి” అని పిల్లల ప్రతిలో ఉంది. గణం చెడుతుంది గనుక అగ్రాహ్యం. అయినా టమాటా, ఉల్లి, నిమ్మరసం కలిపిన ఆ మురీ మిక్చరు పొట్లాలు తిరుగుదారిలో కొన్నట్టు వెనక సీటు సాక్ష్యం చెబుతోంది.