పానావ్యాఖ్య: ఒక మెకానిక్ పద్యానికి టీకా, తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు మల్లినాథసూరి రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. మెదక్ దగ్గరి కొలిచెలమ ఆయన ఊరంటారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన మొదట్లోనే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. అందుకే దీని పేరు పానావ్యాఖ్య. పట్టు దొరికిన చోటల్లా తిప్పుతుంది.

సందర్భమేమనగా, మహబూబాబాద్ జిల్లా నెల్లికుదురులో ఒక బడిసారు. 2011లో కొన్న డీజిల్ కారు ఒకటి ఆయనకుంది. ఆ ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే మానుకోట అనే మహబూబాబాద్‌కో కేసముద్రానికో పోవాలి. అర్ధరాత్రి ఎవరికైనా గుండెనొప్పి వస్తే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిదాకా ఉరకాలి. కనుక కారు సారుదే అయినా అక్కర వాడకట్టంతటిది. అది ఒకనాడు తొర్రూరు రోడ్డు మీద పొగ కక్కి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి బానెట్ లేపాడు, స్టార్ట్ చేయించాడు, రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కించాడు. వెనక్కి వెళ్లి సైలెన్సర్ వంక చూశాడు. గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటూ ఒక మాట అన్నాడు. ఆ మాటను ఆటవెలదిలోకి ఎక్కించడమే వ్యాఖ్యాత చేసిన పని.

మూలము

దించి చూడకున్న దెలియదు సారయ్య
బోరు పోయెనేమొ పొగను జూడ
ఖర్చు పెట్టుకొనుము గాదన్న నమ్ముకో
కారు నీది నాకు గలది పాన

ప్రతిపదార్థము

సారయ్య = ఓ సారూ; దించి = కిందికి దించి; చూడకున్నన్ = చూడకపోతే; తెలియదు = రోగమేదో తెలియదు; పొగను చూడన్ = సైలెన్సర్ పొగ వాలకం చూడగా; బోరు = సిలిండర్ లోపలి గోడ; పోయెనేమొ = అరిగిపోయిందేమో; ఖర్చు పెట్టుకొనుము = రిపేరుకు డబ్బు సిద్ధం చేసుకో; కాదన్నన్ = అది కాదంటే; అమ్ముకో = వచ్చిన కాడికి అమ్ముకో; కారు నీది = లాభనష్టాలు నీవి; నాకున్ కలది = నా దగ్గరున్నది; పాన = పానా మాత్రమే.

తాత్పర్యము

రోగం తేలాలంటే ఇంజను విప్పాలి, విప్పితే ఖర్చు, వద్దంటే అమ్మకం, రెంటిలో ఏది చేసినా పూచీ నాది కాదు అని మెకానిక్ అభిప్రాయము.

విశేషములు

1. “దించి” — ఏమి దించి? పద్యమంతా వెదికినా ఇంజను అన్న మాట కనబడదు. రోగి పేరు చెప్పకుండా రోగం చెప్పిన పద్యమిది. ఆ మాటను మనమే అధ్యాహారం చేసుకోవాలి. మెకానిక్ ఆ మాట మింగడంలో ఒక మర్మముంది. ఇంజను దించడం పరీక్ష అని సారు అనుకుంటాడు. నిజానికి అది సగం తీర్పు. విప్పిన ఇంజనున్న కారును ఇంకో మెకానిక్ దగ్గరికి నడిపించుకుపోలేం, బేరగానికి చూపించలేం. భాగాలు గోనెసంచి మీద పరిచాక ఇక సారు నోట “సరే, కానీ” తప్ప మరో మాట రాదు. అందుచేత అమ్మాలా, బాగు చేయించాలా అన్న ఆలోచన ఇంజను దించకముందే తెగాలి.

దించకుండా తెలిసేవి చాలానే ఉన్నాయి. ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీసి మూతి మీద అరచెయ్యి పెడితే లోపలి గాలి చేతిని కొడుతుందా లేదా అన్నది తెలుస్తుంది. దీన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. గట్టిగా కొడితే రింగుల మీదా బోరు మీదా అనుమానం. కంప్రెషన్ గేజ్ పెట్టి ఒక్కో సిలిండర్ కొలిస్తే ఇంకా నయం. అన్నింటా తక్కువొస్తే అరుగుదల, పక్కపక్కనున్న రెండింటిలోనే తక్కువొస్తే హెడ్ గ్యాస్కెట్. ఇంజను చల్లారాక రేడియేటర్ మూత తీసి, మళ్లీ స్టార్ట్ చేసి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూడటానికి పైసా ఖర్చు కాదు.

2. “పొగను జూడ” — ఇక్కడ తర్కం ప్రవేశిస్తుంది. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి కొండ మీది పొగ కొత్త కాదు. పొగ ఉంది కనుక నిప్పు ఉంది అనడం అనుమాన ప్రమాణం. పొగ ఉంది కనుక బోరు పోయింది అని మెకానిక్ అంటున్నాడు. అయితే తార్కికులకు పొగ రంగుతో పని లేదు. డీజిల్ పొగకు మూడు రంగులున్నాయి. నీలిపొగ వస్తే ఇంజను ఆయిల్ తింటోంది, రింగులో బోరో వాల్వ్ సీళ్లో చూసుకోవాలి. చలికాలం పొద్దున కాసేపు తెల్లగా వచ్చి పోతే అది మామూలే. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు సిలిండర్లోకి దిగుతుండవచ్చు. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, ఉంటే టర్బో చూడాలి. ఒక్కోసారి ఫిల్టర్ మారిస్తేనే పోయే పొగకు బోరు నింద మోస్తుంది. రంగు చెప్పకుండా పొగ అని ఊరుకోవడం కావ్యదోషం. బిల్లు వచ్చినప్పుడు అది ధనదోషంగా పరిణమిస్తుంది.

3. “గాదన్న నమ్ముకో” — పద్యానికి ప్రాణం ఇక్కడుంది. “కాదన్నన్ + అమ్ముకో” అని విడగొడితే అమ్మేయమని అర్థం. “కాదన్న + నమ్ముకో” అని విడగొడితే, దించడం వద్దంటే దైవాన్నే నమ్ముకో అని అర్థం. రెండూ పొసగుతాయి కనుక శ్లేష. నెల్లికుదురు సారు రెండో అర్థాన్నే పట్టుకొని, రేడియేటర్లో నీళ్లు పోసుకుంటూ కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. నమ్మకంతో నడిచే కాలం చిన్నది. నీళ్లు తక్కువై వేడెక్కిన ఇంజను హెడ్ వంగుతుంది, అప్పుడు గ్యాస్కెట్‌తో పోయేది హెడ్ దాకా వస్తుంది.

ఇక్కడ పూర్వపక్షాలు మూడు. “పోయినేడే నాలుగు టైర్లూ బ్యాటరీ కొత్తవి వేయించిన, ఇప్పుడెట్ల అమ్ముతా?” అని సారు. పెట్టిన డబ్బు అమ్మినా రాదు, ఉంచినా రాదు కనుక అది లెక్కలోకి రాదు. “పీడ పోతది, అమ్మెయ్” అని బామ్మర్ది. పీడ పోయాక మరో కారుకు ఏండ్ల తరబడి వాయిదాలు కట్టేది సారే కనుక అదీ నిలవదు. “బమ్మెర పోతన భాగవతాన్నే అమ్ముకోలేదు” అని వాడకట్టు పెద్దమనిషి. బమ్మెర ఇక్కడికి దూరమేమీ కాదు, మాటా గొప్పదే. పోతన రాజులకు ఇవ్వనన్నది కావ్యం. బండి సంగతి ఆయన చెప్పలేదు.

సిద్ధాంతము: మూడు అంకెలు కాగితం మీద రాయాలి. ఉన్నదున్నట్టు అమ్మితే వచ్చేదెంత? బాగు చేయించి అమ్మితే వచ్చేదెంత? రిపేరుకు అయ్యేదెంత? ఉన్నదున్నట్టు 60,000, నడిచే కండిషన్‌లో 1,30,000 పలుకుతుందనుకుందాం. ఖర్చు ఈ రెంటి తేడా అయిన 70,000 దాటకపోతే చేయించవచ్చు, దాటితే అమ్మడమే మేలు. అమ్మే ఉద్దేశం లేక ఉంచుకునేవారు మరో లెక్క వేయాలి: ఈ ఖర్చుతో బండి ఇంకెన్నేండ్లు నడుస్తుంది, అన్నేండ్లకు వేరే కారుకు అయ్యేదెంత?

సారు కారుకు ఇంకో చిక్కుంది. సొంతకారు రిజిస్ట్రేషన్ 15 ఏండ్లకే. 2011 బండికి 2026లో గడువు. ఆ తర్వాత బండిని చూపించి, ఫిట్‌గా ఉందనిపించుకొని, ఐదేండ్లకు పొడిగించుకోవాలి. రెన్యూవల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ వేరు. అడుగు తుప్పు పట్టిన బండికి కొత్త బోరు వేయించడం దండగ. బాడీ గట్టిగా ఉంటేనే ఇంజను మాట. వేరే పాత ఇంజను ఎక్కిస్తే నంబర్ మారుతుంది కనుక ఆర్‌టీఓకు చెప్పి ఆర్‌సీలో రాయించాలి. ఆ ఇంజను ఎక్కడిదో బిల్లు కూడా ఉండాలి.

ప్రసంగవశాత్తు ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వానలకు కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి నీళ్లలో మునిగిన కారును స్టార్ట్ చేయరాదు. సిలిండర్లో చేరిన నీరు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తాళం తిప్పకుండా లాక్కెళ్లినవారికి కొద్దిలో పోతుంది.

పాఠాంతరము: బండి ఇంటి ముందు నుంచి కదలకుండానే జిల్లాలు మారింది. నంబర్ ప్లేటు మీద ఏపీ 36, అంటే పాత వరంగల్. 2016 దసరా నాడు మహబూబాబాద్ జిల్లా అయ్యాక కొత్త బండ్లకు టీఎస్ 26, 2024 మార్చి నుంచి టీజీ 26. మూడూ రోడ్డు మీద తిరుగుతున్నాయి. బేరగాడు మాత్రం ఏపీ 36 చూడగానే వయసు లెక్కగట్టి ధర తగ్గిస్తాడు.

4. “కారు నీది” — మెకానిక్ ఈ మాట తప్పించుకోవడానికి అన్నాడు. చట్టం నిలదీయడానికి అంటుంది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రం లోపల అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఫారం 29, 30 అందుకే. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. కారు చేతులు మారినా ప్రమాదం నాటికి ఆర్‌సీలో పేరున్నవారే యజమాని, పరిహారం బాధ్యత వారిదే. పొగ దాచడానికి చిక్కటి ఆయిల్ పోసి అమ్మే విద్య ఒకటుంది. అది కొద్దిరోజులే పని చేస్తుంది, తర్వాత కొన్నవాడు ఇంటి ముందుకొస్తాడు. ఉన్న రోగం చెప్పి, తగ్గించి అమ్మితే పదివేలు పోతాయి, పరువు మిగులుతుంది.

అలంకార ఛందములు

“పోయెనేమొ” అనడం వల్ల సందేహాలంకారం. బిల్లులో ఈ అలంకారం కనబడదు. మూడో పాదంలో “ఖర్చు”కూ “గాదన్న”కూ యతి కుదిరింది. సంసారుల ఇండ్లలో ఈ రెండింటి మైత్రి కవులకంటే పాతది.

పర్యవసానము

సారు చివరికి ఇంకో మెకానిక్‌తో గేజ్ పెట్టించాడు. నడిమి రెండు సిలిండర్లలోనే తక్కువొచ్చింది. ఆయిల్ మూత అడుగున పాలు ఎక్కువైన చాయ్ రంగు ముద్ద అంటుకొని ఉంది. అంటే ఆయిల్లో నీళ్లు కలిశాయి, పోయింది గ్యాస్కెట్. ఇంజను మొత్తం దించలేదు. హెడ్ ఒక్కటి విప్పి, లేత్‌లో ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, ఆయిల్ మార్చారు. బోరుకు ఏమీ కాలేదు. అడుగు కూడా గట్టిగానే ఉండటంతో సారు కారు ఉంచుకున్నాడు.

తీర్పు ఇది: ముందు కొలిపించండి, తర్వాత మూడంకెల లెక్క వేయండి, ఆ తర్వాతే పానా పట్టనివ్వండి. లెక్క అమ్మమంటే జాలిపడకుండా అమ్మండి, పొగ సంగతి చెప్పి అమ్మండి. తాళాలు ఇచ్చిన వారంలోనే ఫారాలు ఆర్‌టీఓకు చేర్చండి. ఆర్‌సీ మీద పేరు మారేదాకా కారు మీదే.